ముత్తాత ఏ సైన్యంలో చేశాడు? ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఒక వెతుకులాట

ఇవాళ్టి ఎపిసోడ్ రూమ్‌లో కాదు, రోడ్డు మీద. ఇప్పుడు నేను ఆబిడ్స్‌లో జీపీఓ ముందు ఉన్నాను. వెనకాల హారన్లు వినిపిస్తాయి, కొంచెం అడ్జస్ట్ అవ్వండి. ఇక్కణ్నుంచి మొజంజాహీ మార్కెట్, అక్కణ్నుంచి నాంపల్లి. నడుస్తూ మాట్లాడుకుందాం. ఎందుకు ఈ రూటే అన్నది మధ్యలో మీకే అర్థమవుతుంది.

ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు, ఊరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మెసేజ్ మాత్రం చదువుతాను.

"అన్నా, మా ముత్తాత హైదరాబాద్ రెజిమెంట్‌లో సిపాయి అని ఇంట్లో చెప్తారు. మలయా దాకా పోయిండంట. 1948 తర్వాత నౌకరీ లేదు. ఊళ్లో మాత్రం కొంతమంది ఆయన్ని రజాకార్ అంటారు. మొన్న ఒక గొడవలో మా నాన్న ముఖం మీదే అన్నారు. మా దగ్గర ఉన్నది ఒక ఫొటో, ఒక మెడల్, అంతే. ఆయన అసలు ఎవరో ఎట్ల తెలుసుకోవాలె? ఇంకొకటి, మా తాత చెల్లెలు భర్త పోయి మా దగ్గరే ఉంటది. ఆమెకు పెన్షన్ ఏమైనా వస్తదా?"

చూడండి, ఇందులో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి చరిత్ర, రెండోది చట్టం. చాలామంది రెండోదాంతో మొదలుపెడతారు. డైరెక్ట్‌గా లాయర్ దగ్గరికో, ఏజెంట్ దగ్గరికో పోతారు. నేను చెప్పేది ఒకటే: ముందు ఏ సైన్యమో తేలాలి. అది తేలకుండా చట్టంలో ఒక్క అడుగు కూడా పడదు.

ఎందుకంటే "హైదరాబాద్ రెజిమెంట్" అనే మాటకి కనీసం రెండు అర్థాలున్నాయి.

మొదటిది, బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. దీని మూలం హైదరాబాద్ కంటింజెంట్. అంటే నిజాం డబ్బుతో, బ్రిటిష్ ఆఫీసర్ల కింద నడిచిన దళం. ఆ ఖర్చుల బాకీ కిందే 1853లో బేరార్‌ని బ్రిటిష్ వాళ్ల చేతుల్లో పెట్టాల్సి వచ్చింది. 1903లో ఆ కంటింజెంట్‌ని ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. 1922లో దానికి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని పేరు పెట్టారు. కానీ అప్పటికి అందులో కుమావోనీలు, జాట్‌లు, అహీర్లే ఎక్కువ. అందుకే 1945 అక్టోబర్ 27న పేరు మార్చి కుమావ్ రెజిమెంట్ చేశారు. ఇవాళ దాని సెంటర్ ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో ఉంది. పేరులో హైదరాబాద్, అడ్రస్ హిమాలయాల్లో!

రెండోది, నిజాం సొంత సైన్యం, అంటే హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్. హైదరాబాద్ లాన్సర్స్, హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ ఇవన్నీ ఇందులోవే. ఢిల్లీలో తీన్‌మూర్తి విగ్రహాలు చూశారు కదా? ఆ ముగ్గురు సైనికులు జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ సంస్థానాల లాన్సర్లకి గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పోరాడినవాళ్లు.

ఇప్పుడు అసలు చిక్కు వినండి. ఆ తమ్ముడు "మలయా" అన్నాడు. 1941 డిసెంబర్ 8న జపాన్ వాళ్లు మలయాలో కోటాబారు దగ్గర దిగారు. అక్కడ ఎయిర్‌ఫీల్డ్ కాపలాకి ఉన్నది 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ, అంటే నిజాం సైన్యం. సరిగ్గా నెల తర్వాత, 1942 జనవరి 7న, అదే మలయాలో స్లిమ్ రివర్ దగ్గర దెబ్బతిన్న బెటాలియన్లలో 4/19 హైదరాబాద్ ఒకటి. అది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ. ఒకే దేశం, ఒకే యుద్ధం, రెండు "హైదరాబాద్"లు. రెండింటి యజమానులు వేరు, రికార్డులు వేరు, ఇవాళ జవాబు చెప్పాల్సిన ఆఫీసులు కూడా వేరు.

మరి రజాకార్లు? వాళ్లు ఈ రెండింటిలోనూ లేరు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో మజ్లిస్ తయారుచేసిన వాలంటీర్ దళం అది. ప్రభుత్వ సైన్యం కాదు. 1948 సెప్టెంబర్ 13 నుంచి జరిగిన పోలీస్ యాక్షన్‌లో మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయింది నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్. రజ్వీ ఆ సైన్యానికి అధిపతి కాడు. కాకపోతే ఊళ్లలో తుపాకీ పట్టుకుని వచ్చినవాడు పోలీసా, మిలిటరీయా, రజాకారా అని ఆ రోజుల్లో ఎవరు అడిగారు? జ్ఞాపకంలో అందరూ కలిసిపోయారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ కలిసిపోవడమే ఈ కుటుంబం మీద పడుతోంది.

ఓకే. సైన్యం ఏదో ఎలా తేల్చాలి? మొదలు ఇంట్లోనే.

నేను కోడింగ్ నుంచి వచ్చినవాణ్ని కాబట్టి ఇలా చెప్తాను. పేరు ప్రైమరీ కీ కాదు. ఒకే పేరుతో వందమంది సిపాయిలు ఉంటారు, పైగా తెలుగు పేరుని ఇంగ్లిష్ క్లర్క్ ఒక రకంగా, ఉర్దూ మున్షీ ఇంకో రకంగా రాసి ఉంటారు. ప్రైమరీ కీ అంటే సర్వీస్ నంబర్. అది దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఎక్కడ దొరుకుతుంది? మెడల్ తీసి అంచు మీద, వెనకవైపు లైట్ వేసి చూడండి. నంబర్, ర్యాంకు, పేరు, యూనిట్ చెక్కి ఉండొచ్చు. ఫొటోలో భుజం మీది బ్యాడ్జి, టోపీ మీది గుర్తు జూమ్ చేయండి. ట్రంకు పెట్టె మూతని వదలొద్దు, సిపాయిలు తమ నంబర్ దాని మీద పెయింట్ చేయించుకునేవాళ్లు. పాత మనియార్డర్ రసీదులు, ఉత్తరాల కవర్లు, డిశ్చార్జ్ కాగితం ఏది దొరికినా రెండువైపులా ఫొటో తీయండి. ఒరిజినల్‌ని మాత్రం లామినేట్ చేయించకండి. ముప్పై ఏళ్లు దాటిన పత్రం, ఉండాల్సిన వాళ్ల దగ్గరే ఉంటే, అది అసలుదే అని కోర్టు అనుకోవచ్చు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 90వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 92. ఆ లాభం మొబైల్ ఫొటోకి రాదు, అసలు కాగితానికే వస్తుంది.

ఆయన యుద్ధంలో చనిపోయి ఉంటే ఇంకో దారి ఉండేది. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా వెతకొచ్చు. రెండో ప్రపంచ యుద్ధానికి సంబంధించి 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 దాకా సర్వీసులో పోయినవాళ్ల వివరాలు ఉంటాయి. కొన్ని ఎంట్రీల్లో తండ్రి పేరు, భార్య పేరు, ఊరి పేరు కూడా కనిపిస్తాయి. తిరిగొచ్చినవాళ్లు అందులో ఉండరు. మన తమ్ముడి ముత్తాత తిరిగొచ్చాడు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

"అన్నా, లండన్‌లో అన్నీ ఉంటాయంట కదా" అని కొందరు అంటారు. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి ఎక్కువగా ఆఫీసర్ల రికార్డులు. మామూలు సిపాయిల కాగితాలు ఇక్కడే ఉండిపోయాయి. లాహోర్ మ్యూజియంలో దొరికిన 3,20,000 మంది పేర్ల రిజిస్టర్లని 2021 నుంచి ఆన్‌లైన్‌లో పెడుతున్నారు, నిజమే. కానీ అవి మొదటి ప్రపంచ యుద్ధానివి, పంజాబ్‌వి.

ఇప్పుడు బ్యాడ్ న్యూస్. ఇండియన్ ఆర్మీలో పెన్షన్ లేకుండా వెళ్లిపోయిన సిపాయి సర్వీస్ కాగితాలని శాశ్వతంగా ఉంచరు. 1987 ఆర్మీ రెగ్యులేషన్స్, పేరా 595 ప్రకారం 25 ఏళ్లు దాటాక వాటిని నాశనం చేయొచ్చు. 1946లో ఇంటికి పంపిన సిపాయికి ఇదే లెక్క వేయండి. 1971కే గడువు అయిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది ఇండియన్ ఆర్మీలో చేశారు. యుద్ధం అవగానే ఎక్కువమందిని కొంచెం గ్రాట్యుటీ ఇచ్చి ఇంటికి పంపేశారు. వాళ్లందరి ఫైళ్ల పరిస్థితి ఇంచుమించు ఇదే.

అయితే ఒకటి మిగులుతుంది. లాంగ్ రోల్. సిపాయి నంబర్, పేరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ లాంటివి ఒక వరసలో రాసిన పెద్ద రిజిస్టర్. ఫైల్ కాలిపోయినా ఈ వరస ఉంటుంది. అందుకే "మా తాత ఫైల్ ఇవ్వండి" అని అడిగితే "నాశనం చేశాం" అని ఒక్క లైన్‌లో జవాబు వస్తుంది. "లాంగ్ రోల్‌లో ఆయన ఎంట్రీ కాపీ ఇవ్వండి" అని అడగాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా ఈ ఎపిసోడ్ చూసినందుకు మీకు లాభమే.

ఎవరిని అడగాలి? రెజిమెంట్‌ని బట్టి రికార్డ్ ఆఫీస్ మారుతుంది. 19వ హైదరాబాద్ అయితే రాణీఖేత్‌లో కుమావ్ రెజిమెంట్ రికార్డ్స్. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్. మద్రాస్ శాపర్స్ అయితే బెంగళూరు. ఈఎంఈ అయితే మన సికింద్రాబాద్‌లోనే. ఆర్టిలరీ వాళ్లు గోల్కొండలో ట్రైనింగ్ అయినా రికార్డులు నాసిక్‌లో ఉంటాయి.

సరే, జీపీఓ ముందు ఎందుకు నిలబడ్డానో ఇప్పుడు చెప్తాను. సమాచార హక్కు దరఖాస్తుకి కేంద్ర ఆఫీసుల్లో ఫీజు 10 రూపాయలు. ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. పోస్టులో పంపాలంటే ఇక్కడ 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ కొని, అకౌంట్స్ ఆఫీసర్ పేరు మీద రాసి, దరఖాస్తుకి పిన్ చేసి స్పీడ్ పోస్టులో పంపండి. కాపీలకి పేజీకి 2 రూపాయలు. జవాబుకి గడువు 30 రోజులు. మీరు పంపింది తప్పు ఆఫీస్ అయితే, 6(3) సెక్షన్ కింద సరైన ఆఫీసుకి 5 రోజుల్లో పంపాల్సిన బాధ్యత వాళ్లదే.

దరఖాస్తులో ఏం రాయాలి? నాలుగు లైన్లు చాలు. ఆయన పేరు, తెలిసిన స్పెల్లింగులన్నీ. నంబర్ ఉంటే నంబర్. తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, జిల్లా. తర్వాత: "ఒకటి, లాంగ్ రోల్ ఎంట్రీ సర్టిఫైడ్ కాపీ. రెండు, ఎన్‌రోల్‌మెంట్, డిశ్చార్జ్ తేదీలు, డిశ్చార్జ్ కారణం. మూడు, సర్వీస్ కాగితాలు నాశనం చేసి ఉంటే ఆ ఆర్డర్ తేదీ, నంబర్." మీరు వారసులని చూపే కాగితం జత చేయండి. ఎందుకు అడుగుతున్నారో కథ రాయకండి. కారణం చెప్పాల్సిన అవసరం చట్టంలో లేదు.

"ఆర్మీ కదా, ఇస్తారా?" అని డౌట్ వస్తుంది. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటివి సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి, వాటికి మినహాయింపు ఉంది. ఆర్మీ ఆ లిస్టులో లేదు. "ఇది వ్యక్తిగత సమాచారం" అని తిరగ్గొట్టొచ్చు. 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం ఆ తలుపుని ఇంకా బిగించింది. అప్పుడు మీరు 8(3) చూపించండి. 20 ఏళ్లకి ముందు జరిగిన విషయమైతే, దేశ భద్రత, కేబినెట్ కాగితాలు లాంటి కొన్ని కారణాలు తప్ప మిగతావి చెప్పి ఆపకూడదు అని అందులో ఉంది. ఆపకూడని కారణాల్లో ఈ "వ్యక్తిగతం" కూడా ఒకటి.

ఇప్పుడు మొజంజాహీ మార్కెట్ దగ్గరికి వచ్చేశాం. ఇదిగో, ఇక్కడే సమాచార హక్కు భవన్, తెలంగాణ సమాచార కమిషన్ ఆఫీస్. జవాబు రాకపోతే ఇక్కడికే రావాలి అనుకుంటారు చాలామంది. ఆగండి. రాణీఖేత్ రికార్డ్స్ మీద రెండో అప్పీల్ ఇక్కడ తీసుకోరు. అది ఢిల్లీలో కేంద్ర సమాచార కమిషన్‌కి వెళ్లాలి. ముత్తాత నిజాం సైన్యంలో చేసి ఉంటే? ఆ వెతుకులాట తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో మొదలవుతుంది. అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. దాని మీద రెండో అప్పీల్ మాత్రం ఈ మెట్లు ఎక్కాల్సిందే. చూశారా, ఏ సైన్యం అన్న ప్రశ్నే ఏ మెట్లు ఎక్కాలన్న ప్రశ్న కూడా.

ఆర్కైవ్స్ గురించి ఒక్క నిమిషం. నిజాం ప్రభుత్వ ఫైళ్లు ఎక్కువ ఉర్దూలో, ఇంకా పాతవి పర్షియన్‌లో ఉంటాయి. చదివేవాళ్లని తోడు తీసుకెళ్లండి. అక్కడ షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి అర్జ్-ఓ-చెహ్రా కాగితాలు కూడా ఉన్నాయి. అంటే దక్కన్‌లో పనిచేసిన సిపాయి పోలికలు, గుర్రం గుర్తులు రాసిన పట్టీలు. సిపాయిని రాసిపెట్టుకోవడం ఈ నేలకి కొత్త కాదన్నమాట.

నాంపల్లి స్టేషన్ రోడ్డు ఎక్కాం. ఇక్కడ హైదరాబాద్ కలెక్టరేట్. ఇక ఆ తమ్ముడి రెండో ప్రశ్నకి వద్దాం. పెన్షన్.

నిజాయితీగా చెప్తాను, ఆశ పెట్టను. ఆర్మీలో సిపాయికి సర్వీస్ పెన్షన్ రావాలంటే మామూలుగా 15 ఏళ్ల సర్వీస్ కావాలి. యుద్ధం కోసం చేరి, అది అవగానే వచ్చేసినవాళ్లకి అది లేదు. ఆయనకే పెన్షన్ లేకపోతే కూతురికి ఫ్యామిలీ పెన్షన్ అనే మాటే రాదు. ఆయనకి పెన్షన్ ఉండి ఉంటే కథ వేరు. అప్పుడు భర్త పోయి, తల్లిదండ్రుల మీదే ఆధారపడిన కూతురు అడగొచ్చు. కానీ తల్లిదండ్రులు బతికుండగానే ఆమె భర్తని కోల్పోయి ఉండాలి, ఆదాయ పరిమితి కూడా ఉంటుంది. కేంద్రీయ సైనిక్ బోర్డు పెనరీ గ్రాంట్ ఒకటి ఉంది, 2025 నవంబర్ 1 నుంచి కొత్త దరఖాస్తులకి నెలకి 8,000 రూపాయలు. అది 65 ఏళ్లు దాటిన, పెన్షన్ లేని, హవిల్దార్ లేదా అంతకన్నా కింది ర్యాంకు మాజీ సైనికుడికి, ఆయన పోతే భార్యకి. కూతురికి కాదు.

అందుకే "లక్షల్లో అరియర్స్ తెప్పిస్తా, ముందు ఇరవై వేలు ఇవ్వు" అనే ఏజెంట్ దొరికితే దండం పెట్టి వచ్చేయండి. నిజంగా హక్కు ఉన్న కేసుల్లో కూడా, లేటుగా కోర్టుకి వస్తే బకాయిలు మామూలుగా మూడేళ్లకే అని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది. డెబ్బై ఏళ్ల బకాయి అనేది ఎక్కడా లేదు. పెన్షన్ గొడవలు వినేది సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలకి చెన్నై బెంచ్.

నాంపల్లి కోర్టుల కాంప్లెక్స్ దగ్గరికి వచ్చాం. ఇక్కడ కూడా చాలామంది పొరబడతారు. ఇవి క్రిమినల్ కోర్టులు. సక్సెషన్ సర్టిఫికెట్ సివిల్ కోర్టు పని. అది బ్యాంకు డబ్బు, బాకీలు, షేర్లు లాంటి వాటికి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇచ్చేది తహసీల్దార్, మీసేవలో అప్లై చేయొచ్చు. ఇంట్లో ఎవరెవరున్నారో చెప్తుంది, ఆస్తి ఎవరిదో తేల్చదు. ఫ్యామిలీ పెన్షన్‌కి ఈ రెండింటితోనూ పెద్ద సంబంధం లేదు. అది చనిపోయినాయన ఆస్తి కాదు, వీలునామాలో రాసి ఇంకొకరికి ఇవ్వడానికి కుదరదు. 1991లో వయొలెట్ ఐజాక్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది.

ఇంకో ప్రచారం, "సిపాయి నోటిమాటగా చెప్పినా వీలునామాయే" అని. 1925 వారసత్వ చట్టంలో 65, 66 సెక్షన్లు యుద్ధంలో ఉన్న సైనికుడికి ఆ సౌకర్యం ఇచ్చాయి. కానీ ఆ సెక్షన్లు హిందువులకి వర్తించవు. ముస్లింల వీలునామాకి వాళ్ల పర్సనల్ లా ఉంది. కాబట్టి "తాత ఫ్రంట్ నుంచి చెప్పి పంపాడు" అని పొలం మీద కేసు వేయకండి.

చివరిగా, తమ్ముడూ, ఇది నీకే.

రికార్డు దొరికిందనుకో. అది ఆయన ఏ సైన్యంలో ఎప్పుడు చేరాడో, ఎప్పుడు వచ్చేశాడో చెప్తుంది. ఊళ్లో ఏం చేశాడో చెప్పదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడ్డది రజాకార్లు ఒక్కరే కాదు, నిజాం పోలీసులు, సైనికులు కూడా ఉన్నారు. అంటే "సిపాయి" అనే కాగితం ఒక్కటే ఎవరినీ మంచివాణ్ని చేయదు. ఇంకోవైపు చూడు. పోలీస్ యాక్షన్ తర్వాత జరిగిన హింసలో తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ రోజుల్లో ఒక మనిషి మీద పడిన పేరు కొన్నిసార్లు ప్రాణం మీదికి వచ్చింది. కాబట్టి ఆధారం లేకుండా "రజాకార్" అనడం కూడా చిన్న మాట కాదు.

రికార్డు దొరకకపోతే? దొరకలేదు అంతే. లాంగ్ రోల్‌లో పేరు లేనంత మాత్రాన రజాకార్ అని రుజువు కాదు. స్పెల్లింగ్ తేడా కావచ్చు, ఇంకో యూనిట్ కావచ్చు, ఇంకో సైన్యం కావచ్చు. నీకు నచ్చిన జవాబు వస్తే ఒప్పుకుంటాను, రాకపోతే ఒప్పుకోను అనుకుంటే ఆ పది రూపాయలు ఖర్చు పెట్టకు. ఏ జవాబు వచ్చినా చదవడానికి రెడీ అయితేనే ఆ పోస్టల్ ఆర్డర్ కొను. ముందుగా మీ నాన్నని, ఆ పెద్దావిడని కూర్చోబెట్టి అడుగు. ఆమెకి తండ్రి గురించి గుర్తున్నదంతా ఫోన్‌లో రికార్డ్ చెయ్. రాణీఖేత్ రిజిస్టర్ ఇంకో యాభై ఏళ్లు ఉంటుందేమో, ఆమె ఉండదు.

ఫ్రెండ్స్, మీ ఇంట్లో కూడా యూనిఫామ్‌లో ఉన్న పాత ఫొటో ఉంటే ఇవాళే దాని వెనక తిప్పి చూడండి. ఏదైనా నంబర్ కనిపిస్తే కామెంట్‌లో పెట్టకండి, అది మీ కుటుంబం సమాచారం. "నంబర్ దొరికింది" అని మాత్రం రాయండి, చాలు. వచ్చే ఎపిసోడ్‌లో తార్నాక ఆర్కైవ్స్‌కి వెళ్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.